గట్టు డబ్బులు

ఫోనులో అచ్చరాలు ఒడియావి,
కుండలు బోర్లించి పేర్సినట్టు గుండ్రంగా.
బేంకు సెంటరు గుంటడు సదివి సెప్పినాడు:
“గట్టు డబ్బులు పడ్డాయి పెద్దమ్మా, రెండువేల ఏడొందల నలభై.”
నూట పద్దెనిమిది బేంకే మింగీసిందట,
ఖాతాలో ఏటీ నేని నెలలకి జరిమానా.
ఖాళీకీ అద్దె ఉంటాదని
యాభయ్యారేళ్ళకి తెలిసింది నాకు.

మూడేళ్ళ కిందట జీపు దిగి బెహరా బాబు సెప్పినాడు,
సగం తెలుగు, సగం ఒడియా, మిగిలింది సేతుల్తో:
కొండవాలు మీద రాతిగట్టు కట్టు,
పోడు కాల్చకు, గట్టంట కంది ఎయ్యి,
ఉన్న మన్ను ఉన్నసోటే ఉంచితే
గవర్నమెంటు నీకు డబ్బులిస్తాది.
నవ్వొచ్చింది.
మన్నేటి బాబూ, కోడిపెట్టా, గంప కింద కమ్మడానికి?

కమ్మినాము.
నానూ, కోడలు గున్నమ్మా, రెండు వేసంగులు.
రాయి ఎత్తితే కింద తేలు, ఎత్తకపోతే పైన ఎండ.
రాయి మీద రాయి కూకోబెట్టడం మాకు సేతకాక
పైగూడెం నుంచి గొమాంగో ఇస్రాయిల్ని పిలిసినాము.
ఆడు రాయిని తిప్పి తిప్పి సూసి
దాని మొకం ఎటో కనిపెట్టి పెడతాడు.
ఆడి తాతలు కట్టిన మెట్టుమళ్ళు
కొండకి ఇరవై వరసలు, ఇప్పటికీ ఒక్క రాయి జారనేదు.
ఆడికి మాత్రం పైసా రాదట.
“పాతగట్లకి స్కీము నేదు,” అన్నాడు బాబు, “కొత్తవాటికే.”
ఇస్రాయిలు తలూపినాడు,
అవుననో కాదనో తెలీదు,
ఇంకో రాయి ఎత్తుకున్నాడు.

టేపు ఏసినారు, ఫొటో తీసినారు,
గట్టు పక్కన నన్ను నిలబెట్టి నవ్వొద్దన్నారు.
పట్టాలో నా పేరు జొగొమా.
ఆధారులో జోగమ్మ.
ఒక ‘మ’ ఎక్కడ జారిపోయిందో ఎతకడానికి
గుణుపురం మూడుసార్లు ఎల్లినాను.
ఆ బస్సు డబ్బులు ఏ లెక్కలోకీ రావు.

ఇంతే సంగతని ఉండీదాన్ని.
కాని పారమ్మ వచ్చింది.
నా సెల్లి. మా గెడ్డ రెండుమైళ్ళు దిగితే ఆంధ్రా,
ఆ గెడ్డ ఒడ్డునే దానికి ముప్పై సెంట్లు.
గుమ్మంలో కూకుని, మంచినీళ్ళు తాగి,
“అక్కా, ఈ ఏడు ఒండ్రు రానేదే,” అంది.
“ఏటా ఎర్రగా, అరసేతి మందం పడీది.
ఈ ఏడు నీళ్ళు తేటగా వచ్చి తేటగా పోయినాయి.
ఊడుపుకి రెండు బస్తాల ఊరియా ఎక్కువెట్టినాను.”

నాను మాటాడనేదు.
నా కొండ మన్ను ఇన్నేళ్ళూ
పట్టా నేకుండా, పేరు దిద్దించుకోకుండా
రాష్ట్రం దాటి నా సెల్లి మడిలో కూకునీది.
దాన్ని నానే పట్టి కట్టీసినాను.
కట్టకపోతే? నా సోళ్ళ ఏర్లు
గాలిలో ఏలాడిన ఏడు కూడా గురుతే.

కొంగుముడి ఇప్పి ఆరొందలు దాని సేతిలో ఎట్టినాను.
“ఏటివే ఈ డబ్బులు?”
“నీ మన్నువి.”
దానికి అర్దం కానేదు. నాను ఇడమర్సనేదు.
మూడొందలు తిరిగిచ్చీసి బస్సెక్కీసింది.

సాయంత్రం ఇస్రాయిలు వచ్చినాడు,
వానకి గట్టు నడుం ఉబ్బిందని.
కింద రాళ్ళు రెండు తీసి, ఏలు దూరేంత సందు ఇడిసి
మళ్ళా పేర్సినాడు.
“నీళ్ళకి తోవ ఉండాల,” అన్నాడు.
ఆ సందులోంచి సన్నగా
ఎర్రనీళ్ళు దిగతన్నాయి.
బెహరా బాబు ఫొటోలో అది కనపడదు.