నాలుగు సెకన్లు

మంగళ, గురు, శనివారాల్లో
ఆల్విన్ థాక్రే రక్తం
హల్ ఆసుపత్రిలో నాలుగు గంటలు బయట తిరిగి ఇంటికొస్తుంది.
మిగతా రోజులు అతను విథర్న్‌సీ గట్టున కూర్చుని
సముద్రం ఊరిని కొరుక్కు తినడం చూస్తుంటాడు.

పొద్దున్న అయిదూ యాభైకి ఒక బస్సుండేది.
ఏప్రిల్లో తీసేశారు.

ఆ సంగతి చెప్పడానికే వచ్చాడు మా ఆఫీసుకి.
ఎంపీగారి ఆఫీసంటే ఏదో అనుకునేరు,
మూతబడ్డ చెప్పుల కొట్టు, ఒక కెటిల్, నేను.
పాలిథిన్ సంచిలోంచి టాక్సీ రసీదులు తీసి
పేకముక్కల్లా బల్లమీద పరిచాడు.
"ముప్పయ్యేళ్ళు లైఫ్‌బోట్ ఇంజన్లు బాగుచేశాను,
మునిగేవాణ్ణి టికెట్టు ఉందా అని ఎప్పుడూ అడగలేదు."

ఆ మాట రాసుకున్నాను.
ప్రశ్నలో అది పట్టదు.

ప్రశ్నకో వ్యాకరణం ఉంది ఇక్కడ.
కోపం కూడదు, విశేషణం కూడదు,
కథ అసలే కూడదు.
"మంత్రిగారు ఏమి అంచనా వేశారో తెలుపగలరా"
అని మొదలెట్టాలి.
పెన్సిలు చెక్కినట్టు ఆల్విన్‌ని చెక్కుకుంటూ పోయాను.
రసీదులు రాలిపోయాయి, లైఫ్‌బోటు రాలిపోయింది, పేరు రాలిపోయింది,
"రోగుల రవాణా సదుపాయం" అన్న మొన మిగిలింది.
గుచ్చుకునేది మొనే కదా, అన్నారు హెబ్డెన్ గారు.
ఎంపీ కాకముందు ఆవిడ ఇరవై రెండేళ్ళు
బడిలో లెక్కలు చెప్పిన మనిషి.

ఆరోగ్యశాఖ అంది: అది రవాణా వారి సంగతి.
రవాణాశాఖ అంది: అది కౌన్సిలు నిర్ణయం.
కౌన్సిలు అంది: డబ్బు పైనుంచి రావాలి.
కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.
ఈ సామెతకి ఇంగ్లీషు లేదనుకున్నాను ఇన్నాళ్ళూ.
మూడు లెటర్‌హెడ్ల మీద ఉంది, సంతకాలతో సహా.

నాలుగో జవాబు ఒకటే వాక్యం:
"ఈ వివరములు కేంద్రస్థాయిలో సేకరించబడుట లేదు."

అంటే ఎవరూ లెక్కపెట్టలేదు.
సరే, నేను పెట్టాను.

అక్టోబరు చీకట్లో, బస్సు రాని బస్టాపులో,
థర్మాస్ పట్టుకుని మూడు వారాలు.
బస్సు పోయినా జనం అక్కడికే వస్తారు,
టాక్సీ పంచుకోడానికి. కాళ్ళకి అలవాటు.
సూదులు దిగే చేతికి మఫ్లరు చుట్టుకుని మిసెస్ ఓజో,
మడత కుర్చీ చంకన పెట్టుకుని పెర్సీ,
ఎవరితోనూ మాట్లాడని ఒక పసుపు కోటు.
పదకొండు మంది.
మూడో వారం పది.
ఎందుకని నేను అడగలేదు.
పసుపు కోటు మళ్ళీ కనిపించలేదు.
ప్రశ్నలో పదకొండు కొట్టేసి పది అని దిద్దాను.

సభ రోజున గ్యాలరీలో, అద్దం వెనక కూర్చున్నాను.
ఆల్విన్ రాలేదు. మంగళవారం,
అతని రక్తానికి వేరే పనుంది.

హెబ్డెన్ గారు లేచారు.
"పదిమంది. తెల్లవారి అయిదూ యాభై.
సేకరించలేదన్న వివరం మేం సేకరించాం.
ఇప్పుడు మంత్రిగారు ఏం చేస్తారు?"

మంత్రి ఫైలు తిప్పాడు.
ఒక పేజీ. ఇంకో పేజీ.
రంగు చీటీల మధ్య వేలు ఆగిపోయింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఎవరో దగ్గారు.
"గౌరవ సభ్యురాలిని కలుసుకోవడానికి సంతోషిస్తాను."

మర్నాడు అచ్చయిన సభా నివేదికలో
ప్రశ్న ఉంది, దాని కిందే జవాబుంది,
మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ లేదు.
మార్జిన్లో పెన్నుతో రాసుకున్నాను: నాలుగు సెకన్లు.

శుక్రవారం ఆల్విన్ వచ్చాడు.
"అడిగారా?"
"అడిగారు."
"ఏమన్నాడు?"
"చూద్దాం అన్నాడు" అన్నాను, పొరపాటున తెలుగులో.
అర్థం అడిగాడు.
మామూలుగా అయితే, చెయ్యం అని.
ఎవరైనా వెంటపడితే, ఒక్కోసారి,
చూడ్డం అని కూడా.

నవ్వి, కొత్త రసీదులు తీశాడు.
కెటిల్ పెట్టి, నేను కొత్త కాగితం తీశాను.
"మంత్రిగారు ఏ తేదీన"
అని మొదలెట్టాను ఈసారి.