మారన్న గోడ

ఫైవింక్లైన్ తొవ్వల గోడ కూలగొడ్తున్నరు.
రోడ్డు ఎడల్పు చేత్తరట.
ప్రొక్లైనర్ పన్ను దిగినకాడ
కాయితాల అట్ట ఊడి ముందటికి వంగింది,
బెత్తెడు మందం.
ఇటుక కాదది,
నేను ముప్పయ్యేండ్లు అంటించిన శుక్రారాలు.

ఓదెలు అంటె ఎవలకు తెల్వదు,
మైదా ఓదెలు అంటె ఖనిల అందరికి ఎరుకే.
ఉడుకు మైదాల చిటికెడు మైలుతుత్తం కలపాలె.
లేకుంటె తెల్లారెసరికి మేకలు
హీరోను చెవులకాడికెల్లి మొదలువెట్టి తింటయి.

మీది పొర కొత్తది, కింది పొర పాతది, నడుమ రాయి,
బాయిల గట్లనే ఉంటదని మా బాపు చెప్పేటోడు.
గీ గోడ గూడ గంతే.

మీద మొన్నటిది. హీరోయిన్ తండ్రి,
ఓ మూలకు, నెరిసిన గడ్డం, పోస్టల్ బిళ్ళంత.
దానికింద రెండేండ్లు మారన్న లేడు.
మొలల దవాఖానా, టైపు ఇన్‌స్టిట్యూటు, కొండగట్టు బస్సులు.
అప్పుడు పార్టీ పెట్టిండు ఆయన.
దండం పెట్టుకుంట జీపు మీద తిరిగిండట.
డిపాజిట్ పోయిందని పేపర్ల పడ్డనాడు
సెకండ్ షిఫ్టోళ్ళు క్యాంటీన్ల చాయ్ ముట్టలే.
మనకు ఓటు లేని దేశం, మనకు రాని భాష,
గింత బాధేంది అని అడిగిన.
టింబర్‌మన్ కొంరయ్య నా దిక్కు సూడకుంటనే అన్నడు:
"ఆడు తూత్తుకుడి ఉప్పుమడుల్ల తట్ట మోసినోడురా.
మనం నల్లది ఎత్తినం, ఆడు తెల్లది."

ఇంకింత కింద రంగులు ఇంకా బతికున్నయి.
ఒక్క కాయితం మీద ఇద్దరు మారన్నలు,
పోలీసొకడు, దొంగొకడు.
రాజ్యలక్ష్మి టాకీసుల నూర్రోజులు.
సమ్మె నడిచిన నెల గూడ బెంచీ టికెట్టు దొరకలే,
జీతం లేదు, అప్పుజేసి సూశిండ్రు.
తెరమీద పెదవులు ఒక తీరు, మాట ఇంకో తీరు.
మద్రాసుల ఓ తెలుగాయన గొంతిచ్చిండట.
ఆయన పేరు ఏ పోస్టర్ మీదా నాకు కనవడలే.

నూర్రోజుల పండుగకు అచ్చిండు.
నేను నిచ్చెన మీద ఉన్న.
నాలుగింటికి లేశి మొదలువెడితె పొద్దుగూకింది,
మోచేతుల దాక మైదా.
ఏమనుకున్నడో, కారాపి దిగిండు.
సినిమాల కన్న పొట్టి.
నా చెయ్యి పట్టుకున్నడు. అరచేతి నిండ పగుళ్ళు,
ఉప్పు తిన్న చెయ్యి, ఎన్ని పౌడర్లకూ మానలే.
"సాప్టియా?" అన్నడు.
సన్నటి గొంతు. నేనెరిగిన గొంతు కాదు.
బిత్తరపొయ్యి "సూపర్ హిట్ సార్" అన్న.
నవ్విండు.
మైదా అంటిన చెయ్యి తుడ్సుకోలే,
అట్లనే ఎత్తి జనానికి ఊపిండు.

పన్నెండేండ్లకు మా ఎనుక వాడకు
తిరుచెంగోడు బోరుబండి అచ్చింది.
మూడొందల ఫీట్లకు దుబ్బ తప్ప ఏం రాలే.
రిగ్గు మీది పిలగాడు టిఫిన్ డబ్బ ఇప్పుకుంట
నన్ను సూశి అన్నడు, "సాప్టియా?"
నాకు నిలువునా చెమట.
గదేం మాటరా అంటె
అయిదేళ్ళు నోటికాడ పెట్టి సూపెట్టిండు.
తిన్నవా అని అడుగుడట.

మొన్న సోమారం పోయిండు మారన్న.
టీవీల పూలబండి. ఏడ్సుకుంట జనం.
సౌండు బందుజేసి సూశిన.

ప్రొక్లైనర్ పిలగాడు బీహారోడు,
"హటో చాచా" అని ఒర్రుతున్నడు.
ఒక్క నిమిషం ఆగు బిడ్డా.
అట్టడుగు పొరను గోటితోని గీకిన.
సున్నం పట్టుకొని అచ్చింది:
ఎవరో హీరో, ఎవరో హీరోయిను,
ఎనుక కత్తులు పట్టిన నలుగురు.
అండ్ల మూడోటోడు, బొటనేలు గోరంత.
పేరు గూడ అచ్చెయ్యలే అప్పటికి.
మీసం లేదు. లోపటికి పోయిన దవడలు.

"లేదన్నా," అన్న,
"ఆ దినం పొద్దటిసంది ఏం తినలే."