మూడో చప్పుడు

రాణిగంజ్ వెనక గల్లీల మా షెడ్డు.
రేకుల మీద వాన.
జాకీల మీద తెల్ల కారొకటి
కడుపు తెరుచుకొని ఉన్నది.
దాని ఓనరు లింబాద్రి పాత టైరు మీద కూసోని
పోయిన ఎయిర్‌పోర్టు ట్రిప్పులు
వేళ్ల మీద లెక్కవెడ్తుండు.

కన్వర్టర్ అంటే చూసెటోళ్లకు ఏముంటది,
ఇనుప గుమ్మడికాయ.
కోసి చూస్తే ఎదురెదురు రెండు రెక్కల చక్రాలు,
మధ్యల నూనె.
ఒకటి తిరిగితే ఆ సుడికి రెండోది తిరుగుతది.
ఒకదాన్నొకటి ముట్టుకోకుండనే
ఇంటిల్లిపాదిని, డిక్కీల సామాన్లను
పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కిస్తయి.

ముందు దానికి నూనె తాపాలె.
ఎర్రటి నూనె, లీటరు,
తాపుకుంట తాపుకుంట కొంచెం తిప్పాలె.
ఎండిన గొంతుతోని ఎక్కిస్తే
మొదటి నిమిషంలనే కాలిపోతది.
మెడ చుట్టు, సీలు పెదవికి
పసిపిల్లకు రాసినట్టు రవ్వంత రాయాలె.

ఇగ గేర్‌బాక్సు నోట్లెకు.
నూకుడు కాదు, అడుగుడు.
ఎడమకు ఇంత, కుడికి ఇంత,
దక్.
షాఫ్టు పళ్లు కలిసినయి.
ఇంకింత తిప్పితే మళ్ల దక్.
స్టేటర్.
ఇక్కడ్నే అందరు మోసపోతరు.
కూసున్నట్టే ఉంటది, గట్టిగనే ఉంటది,
రెక్కలు గుంజుతుంటయి, చాయ్ సల్లారుతుంటది,
"అయిపోయింది ఉస్తాద్" అని
నోరు దానంతటదే అంటది.

నేనన్న. నాలుగేండ్ల కింద.
ఇంజనుకు, బాక్సుకు మధ్యల
వేలు పట్టెంత సందు మిగిలింది.
బోల్టులున్నయి గద, పానా ఉన్నది గద,
వయసున్నది గద,
గుంజిన.
సందు మూసుకున్నది.
లోపల పల్లికాయ ఒలిచినంత చప్పుడైంది,
రేడియో అనుకున్న.
ఇంజను మంచిగనే లేచింది.
గేరు వేస్తే బండి ఇంచు కదలలే.

మళ్ల దించితే పంపు గేరు రెండు ముక్కలు.
జిలానీ ఉస్తాద్ ఒక్క మాటనలే.
ముక్కల్ని డీజిల్ల కడిగి, తుడిచి,
నా డబ్బాల పదమూడో నంబరు పానా పక్కన పెట్టిండు.
రోజు పొద్దున ఆ పానా తీస్త.
ముక్కలు ఇంకా ఆడనే ఉన్నయి.

ఉస్తాదుకు ఇప్పుడు చెవులు ఇనపడయి,
ముప్పై ఏండ్ల సుత్తె దెబ్బలు.
అయినా కన్వర్టర్ ఉన్న రోజు పిలుస్తం.
బాక్సు మీద అరచెయ్యి ఆనిస్తడు,
నాడి చూసినట్టు.
చెవులున్న మాకన్న ముందు ఆయనకే తెలుస్తది.

ఇయ్యాల రెండయినయి.
మూడోది రాదు.
"ఇంకెంతసేపే అన్నా" అంటడు లింబాద్రి.
నాకు బోల్టుల డబ్బా దిక్కు కన్ను పోయింది.
ఉస్తాద్ చెయ్యి తియ్యలే, తల అడ్డంగ ఊపిండు.

బాక్సును బల్ల మీద నిటారుగ నిలవెట్టినం.
కన్వర్టర్ బరువును దానికే వదిలేసి
వేళ్ల కొనలతోని తిప్పిన.
ఒక చుట్టు. ఇంకో సగం.
ఏం లేదు.
కొద్దిగ వెనుకకు తిప్పిన,

దక్.

పక్కింట్ల గొళ్లెం పడ్డట్టు, అంతే.
ఉస్తాద్ చెయ్యి అప్పటికే తీసిండు.

ఉక్కు స్కేలు అడ్డం పెట్టి కొలిస్తే
ఇరవై రెండు మిల్లీలు లోపలికి.
బాక్సును కారు కిందికి తోల్తే
ఒక్క బోల్టు పెట్టకముందే
ఇంజనుకు పోయి అతుక్కున్నది.
కన్వర్టర్ మాత్రం లోపల ఇంకా వదులుగనే,
వేలితో అంటే తిరుగుతున్నది.
దాన్ని మూడు మిల్లీలు ముందుకు తెచ్చి
ప్లేటుకు బిగించాలె.
ఆ మూడు మిల్లీలు లేకుంటే
మళ్ల నా డబ్బాలకు ముక్కలే.

రాత్రి పదకొండింటికి బండి గల్లీ దాటింది.
"ఇంతసేపు ఏం జేసిన్రన్నా?" అని అడిగిండు లింబాద్రి
పైసలు లెక్కవెట్టుకుంట.
"తిప్పినం" అన్న.

ఉస్తాద్ చాయ్ మీది మీగడ పక్కకు నూకి తాగిండు.
సల్లారిపోయింది, వేరేది తెప్పిస్త అన్న.
ఇనపడలేదో,
ఇనపడనట్టు చేసిండో.