ఇద్దరి మాట

యువాస్క్యులా. జనవరి. రాత్రి మూడుంబావు.
మాకిచ్చిన కిరణం ఆరింటితో అయిపోతుంది.
గోడకవతల జెనాన్ అయాన్లు
మూత తీసిన చిప్ మీద చినుకుల్లా పడుతున్నాయి.
ఇవతల మేం ముగ్గురం, ఒక ఫ్లాస్కు కాఫీ,
ఎన్సియో విప్పేసిన బూట్ల వాసన.

ప్రతి బిట్‌నీ మూడుచోట్ల రాశాం.
ఒకటి తప్పితే మిగతా రెండూ కలిసి
దాన్ని దిద్దుతాయి, కోప్పడకుండా,
పక్కింటికి వినపడకుండా.
కంచే చేను మేస్తుందేమోనని
ఓట్లు లెక్కపెట్టే గేటుకీ ఇద్దరు తోబుట్టువుల్ని పెట్టాం.
తెరమీద దిద్దుబాట్ల అంకె పెరుగుతోంది:
నాలుగు వందల పన్నెండు, పదమూడు.
తప్పులు చేస్తూనే తప్పకుండా నడిచే వస్తువును
మొదటిసారి చూస్తే కాస్త ఏడుపొస్తుంది.
నాకొచ్చింది. దగ్గినట్టు చేశాను.

అప్పుడు రాకెల్ పెన్సిల్
లాగ్‌లో ఒక వరుస దగ్గర ఆగింది.
జవాబు తప్పు. ఏ గంటా మోగలేదు.
ఒకే అయాన్ ఏటవాలుగా వచ్చి
పక్కపక్కనే ఉన్న రెండు ప్రతుల్ని ఒక్క గీతతో కోసింది.
రెండూ ఒకే అబద్ధం చెప్పాయి.
నిజం చెప్పిన మూడోదాన్ని
నియమం ప్రకారం
దిద్దేశాయి.

దిద్దుబాటు నంబరు నాలుగు వందల పంతొమ్మిది.
విజయాల పట్టికలోనే ఉంది.

సెప్టెంబరులో ఒక సమావేశం.
"ప్రతుల్ని ఎడంగా పెడదాం" అంది రాకెల్,
బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపిస్తూ.
సిలికాన్ ఖరీదు చెప్పాడు ఎన్సియో.
గడువు గుర్తుచేశాను నేను.
నిజానికి నేను లెక్క వేసి చూడలేదు.
ఎన్సియో పక్కన కూర్చున్నాను, అంతే.
మినిట్స్‌లో "ఏకగ్రీవం" అని రాసిందీ నేనే.

ఇప్పుడామె ఆ ఊసే ఎత్తలేదు.
చల్లారిన కాఫీ సింకులో పారబోసి
తెల్లకాగితం మీద మూడు గళ్లు గీసింది,
మధ్య మధ్య అరచేయంత ఖాళీ వదిలి.
ఎన్సియో కుర్చీ లాక్కుని ఆమె పక్కకి చేరాడు.
నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను.
బయట గడ్డకట్టిన సరస్సు మీద
ఎవరో నుదుటికి దీపం కట్టుకుని
చేపల కోసం మంచుకి కన్నం వేస్తున్నారు.

ఇంకా రెండు గంటల కిరణం ఉంది.
"చిప్‌ని వంచు" అంది రాకెల్, నావైపు చూడకుండానే,
"అరవై డిగ్రీలు.
ఇంకా ఎన్నిచోట్ల గెలిచామో చూద్దాం."