ఏడు ఫుల్లు, ఒక హాఫ్

ఏడు రోడ్ల కాడ కొత్త హోటలు తెరిచినారంటే
పోదాం పోదామని మూడు నెల్లుగా అనుకుంటానే ఉండాం.
నోటితో పోయే ఊరికి బస్సెవరేస్తారు?
ఆఖరికి నేనే పూనుకున్యా.

ముందు దినమే కుదర్లే.
సోమారం పెంచలమ్మ ఒక్కపొద్దు.
మంగళారం రెడ్డెమ్మకు తిరుపతి నైటౌటు.
బేస్తారం షంషాద్ పెద్దదర్గా కాడ ఉంటాది.
శుక్రారం జయంతిని వాళ్లత్త గడప దాటనీదు.
శనారం చియ్యలు ముట్టేది మాలో ఇద్దరే.
ఆదివారం లూర్ద్‌మేరికి పొద్దున చర్చి, ఆనక మొగుడు.
మిగిలింది బుధారం.
బుధారం నాకు మైదుకూరు డ్యూటీ.
మార్చుకున్యా, రెండాదివారాలు బాకీ పెట్టి.

ఫోన్ జేస్తే అవతల పిల్లోడు
"ఎంతమంది మేడం?"
ఎనిమిదన్నా.
మర్నాడు ఆరన్నా.
సాయంత్రానికి నాగమునెమ్మ ఆడబిడ్డ కూడా వస్తాదంట, తొమ్మిది.
రాత్రికి రాదంట, మల్లా ఎనిమిది.
"మేడం, ఒక మాట మీద ఉండండి."
నాయనా, ఇరవై రెండేండ్లుగా
కదిలే బండిలో తలకాయలు లెక్కబెడతాండా.
మైదుకూరులో అరవై,
ఖాజీపేటలో డెబ్బై,
చెన్నూరు కాడికొచ్చేసరికి యాభై.
నిలబడిన లెక్క నేనెప్పుడూ చూళ్లేదబ్బా.

నవ్వినాడు.
"సరే, సార్ పేరు చెప్పండి, రాసుకుంటా."
ఏ సారు?
"అదే మేడం, బుకింగు ఎవరి పేరు మీద..."

గ్యాసు బుక్కు ఆయప్ప పేరున.
కరెంటు బిల్లు మామ పేరున,
మామ పోయి పదేండ్లయినా ఇంకా ఆయనకే వస్తాది.
"ఓబుళమ్మ" అన్నా.
"స్పెల్లింగు?"
నీకెట్లొస్తే అట్ల రాసుకో.

బుధారం రాత్రి ఏడున్నర.
గాజు తలుపు తోస్తే హాలు నిండా జనం,
అల్లం వాసన, గరిటెల సప్పుడు.
మూలన ఒక పొడుగు మేజా మాత్రం
తెల్లగుడ్డ కప్పుకోని ఖాళీగా ఉండాది,
నడిమధ్య మడిచిన అట్టముక్క:
రిజర్వుడు. ఓబులమ్మ.
ళ పోయి ల అయింది. పోనీ.
గోడకానుకోని నలుగురు మొగోళ్లు
ఆ కుర్చీలకేసే చూస్తాండారు.
చూస్తాండారు గానీ
కూచోలే.

నాకు కాళ్లాడలే.
స్త్రీలకు అని పెయింటు రాసిన సీటు కాడ
ఎన్నిసార్లు గొంతు చించుకున్యానో,
లెయ్యన్నా, సంటిబిడ్డతో నిలబడుండాది, లెయ్యి,
కిటికీలోకి మొగం తిప్పుకునే నిద్దరమొగాలతో.
ఆ సీటు ఒక్కపూటన్నా ఖాళీగా
ఎవరికోసమో కాసుకోని ఉండగా చూళ్లేదు.
ఈడ ఒక అట్టముక్క
ఏమీ అరవకండానే.

"ఏమ్మే, నిలబడే తింటావా?" అన్నింది రెడ్డెమ్మ.
అలవాటు, అన్నా.

చెంచమ్మకు ఆఖరి గడియలో రాజంపేట స్పెషలేసినారు.
ఆ కుర్చీలో జయంతి కొడుకెక్కినాడు.
"ఏడు ఫుల్లు, ఒక హాఫ్" అని లూర్ద్‌మేరి
మేజా మీద మిషను నొక్కినట్టు నొక్కింది,
నోటితో చీటీ చింపిన సప్పుడు కూడా చేసింది.
సంగటి ముద్ద నూటఅరవయ్యా,
మాయింట్లో ఉత్తపున్యానికే అని గొణుక్కుంటా
నాగమునెమ్మ రెండు ముద్దలు మింగింది.
షంషాద్ నాటుకోడి ఎముక వదల్లే.
ఏం మాట్లాడుకున్నామో ఒక్కటీ గెవనం లేదు,
నవ్వి నవ్వి డొక్కలు మాత్రం రెండ్రోజులు నొచ్చినాయి.

మూడువేల నూటనలభై.
చిల్లర ఎవరి కాడా లేదు.
ఎనిమిదిమంది చేతుల్లో దినమంతా ఆడే చిల్లర!
బిల్లు ఎనక్కి తిప్పి పెన్ను తీసినా,
షంషాద్‌కు యాభై, పెంచలమ్మకు ఇరవై,
దిగేటప్పుడు అడగండమ్మా అని రాసి
సున్నా చుట్టినా.

పోతాపోతా ఆ అట్టముక్క సంచిలో ఏసుకుంటాంటే
కౌంటర్లో పిల్లోడు చూసినాడు.
"మేడం, అది హోటల్‌ది."
వచ్చే నెల తెచ్చిస్తాలే నాయనా.
ఎనిమిదికి రాసుకో.
వొద్దు, తొమ్మిది.
ళ మాత్రం సరిగ్గా రాయి.