వెనుక గోడ

ఏనుమాముల మిర్చి యార్డుల తెలిసింది నాకు.
తొడిమలు తీసేకాడ పక్కన కూసున్న సాంబలక్ష్మి
ముక్కుకు కట్టుకున్న చున్నీ కిందికి గుంజి
"మీ మన్విత మంచిగ ఎగురుతదే" అన్నది.
ఎక్కడ ఎగిరింది, అన్న.
ఫోన్ల, అన్నది.
ఆ పొద్దంతా చేతులు మండినయ్
మిర్చికో, ఆ మాటకో.

కొత్తవాడకు వచ్చి, కాళ్లు గూడ కడగకుంట చూసిన.
పదమూడేండ్ల పిల్ల. ముప్పై సెకండ్లు.
అందరు దాన్ని చూస్తరు కావచ్చు,
నేను దాని వెనుక గోడను చూసిన.
దండెం మీద వాళ్ల నాయిన బనీను, చంకల కాడ చినిగింది.
కిరాణం దుకాణపోని క్యాలెండర్, దాని మీద మా గల్లీ పేరు.
మేకుకు బడి టై, టై మీద బడి ముద్ర.
మీటర్ డబ్బా పక్కన పచ్చరంగుతోని రాసిన ఇంటి నంబరు.
పిల్ల నవ్వుతాంటె
దాని భుజం మీదికెల్లి తొంగిచూసి
ఇల్లు తన అడ్రసు తనే చెప్తాంది.

కింద మాటలున్నయ్.
సూపర్ చెల్లె అని ఒకలు. మంటలు, పువ్వులు, ఎర్ర గుండెలు.
సింహం బొమ్మ పెట్టుకున్నోడెవడో
"ఏ బడి?" అని అడిగిండు.
బూతు గాదు, తిట్టు గాదు.
స్టేషన్ల టైమెంతయింది అన్నట్టె అడిగిండు.
నాకు నిద్ర పట్టలే.

ఆయనకు చెప్తె ఫోను బండకేసి కొడ్తనన్నడు.
కొట్టలే.
దానికింకా ఆరు కిస్తులున్నయ్.

తిడుదామనే లేచిన నేను గూడ.
మాట నోటిదాక వచ్చినంక
చౌరస్తా కాడి ఫోటో స్టూడియో యాదికొచ్చింది.
చిన్నమ్మ పెండ్లికి ఓణీ ఏసుకొని దిగిన ఫోటో
స్టూడియో ఆయన అడగకుంటనే పెద్దగ చేసి
బయటి అద్దాల పెట్టెల పెట్టిండు.
మా బాపు పోయి లొల్లి జేసి గుంజుకొచ్చిండు,
"నా బిడ్డను బజార్ల ఆరేస్తవా" అని.
పొయిల పెట్టిండు.
బాపుకు తెల్వదు,
అంతకుముందు పదకొండు దినాలు
నేను బడి నుంచి సుట్టు తిరిగి ఆ తొవ్వలనే వచ్చిన.
ఎవలన్న ఆగుతరా అని
ఎదురుంగ గాజుల దుకాణం కాడ నిలబడ్డ.
ఒక ముసలామె ఆగింది, ఒక్కపారి.
ఆమె చూసింది నన్నో, అద్దంల తన కొప్పునో
ఇయ్యాల్టిదాక తెల్వదు.

అందుకే తిట్టలే.
తెల్లారి టై తీసి బీరువల పెట్టిన.
క్యాలెండర్ లోపటి అర్రలకు పోయింది.
మొగ్గం మీదికెల్లి అప్పుడే దిగిన జంపఖానా,
ఎర్ర పట్టీలు నీలం పట్టీలు, షావుకారుకు ఇచ్చేది,
రెండు మొలలు కొట్టి ఏలాడదీసిన
మీటరు డబ్బా మీదికెల్లి నేల దాక.
"ఇదేందమ్మా?"
"నీ తెర" అన్న.
సింహం బొమ్మోని సంగతి అడిగిన.
ఆడెవడో నాకేం తెల్సు, అన్నది.
ఆనికి నువ్వు తెల్సు గద బిడ్డా, అన్న.
గోరు కొరుక్కుంట నిలబడ్డది చానాసేపు.
"తెల్వనోళ్లను తీసెయ్యి" అన్న.
సరే అన్నది.

ఇగ నా దొంగతనం చెప్పాలె.
సాంబలక్ష్మి కొడుకుతోని
నా పాత ఫోన్ల ఒక ఖాతా తెరిపిచ్చుకున్న,
పేరు లేదు, బంతిపువ్వు బొమ్మ.
రాత్రి అందరు పండుకున్నంక
సప్పుడు బంద్ చేసి చూసేదాన్ని.
పాట లేకుంట ఎగురుతాంటె
నా పిల్ల ఎవలతోనో మాట్లాడబోయి ఆగినట్టుండేది.
నూటానలభై సార్లు చూసిండ్రమ్మా, అని మురిసేది పొద్దుగాల.
అండ్ల ముప్పై నేనే.

మొన్న అన్నం తినుకుంట అన్నది:
"అమ్మా, ఎవలో బంతిపువ్వు.
రోజు చూస్తది, ఒక్క మాట రాయది.
భయమైతాంది. తీసెయ్యనా?"

పప్పు వడ్డించేది ఆగింది నా చెయ్యి.
"తెల్వనోళ్లయితె తీసెయ్యి" అన్న.
నా మొఖం దిక్కు చూడకుంటనే నొక్కింది.

ఆ రాత్రి నా ఫోన్ల
జంపఖానా గూడ కనవడలే.