మంగళవారం అనే మాట

పీటర్‌హెడ్ రేవులో ముప్పై రెండేళ్లు
చేపల వేలం పాడిన గొంతు డూగల్ స్ట్రాకన్‌ది.
పెట్టెల మీదికెక్కి నిలబడి
ఒక్క ఊపిరిలో నలభై ధరలు పలికేవాడట.
ఇప్పుడు ఒకే మాట మిగిలింది.
మంగళవారం.

మెదడులో నరం చిట్లింది శుక్రవారం నాడని
భార్య యూనా చెప్పింది.
మరి మంగళవారం ఎక్కడిదో ఎవరికీ తెలియదు.
టీ కావాలన్నా అదే,
అవతలికి పొమ్మన్నా అదే.
రాగం మారుతుంది. వినాలి.

నా పని మినిట్స్ రాయడం.
పక్షవాతం తర్వాత బతుకెలా ఉందో కొలిచే
ప్రశ్నాపత్రం తయారవుతోంది.
పాత నియమావళిలో, నాలుగో పేజీ అడుగున,
చీమ తలకాయలంత అక్షరాల్లో ఉండేది:
ఫోన్‌లో జవాబు చెప్పలేనివారిని మినహాయించాలి.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడిగే నోరే పోయినవాడి గురించి
సామెత కూడా నోరు మెదపదు.

ఈసారి డూగల్ బల్లకి మా వైపున కూర్చున్నాడు.
పక్కన ఇష్‌బెల్.
ఆమెకి మెడ నిలవదు, చూపు నిలుస్తుంది.
గాజుపలక మీద ఒక్కో అక్షరాన్నీ చూస్తుంది,
ఆ చూపు వెంట నడిచి నేస్తం మొరాగ్ చదువుతుంది.

మొదటి సమావేశంలో
ఆమె వాక్యం సగంలో ఉండగానే
ప్రొఫెసర్ ఇన్నెస్ తనే పూర్తిచేశాడు,
దయతోనే.
ఆమె కళ్లు మూసుకుంది.
ఆ రోజు మళ్లీ తెరవలేదు.
"సభ్యురాలు అంగీకరించారు" అని రాశాను.
అబద్ధమని నా చేతికి తెలుసు.

రెండోసారి,
డూగల్ లేచి, చేతికర్ర కొక్కెంతో
గోడగడియారాన్ని కిందికి దించి
బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు.

ఇష్‌బెల్‌కి ఎంతసేపు పట్టిందో అందుకే చెప్పలేను.
కెటిల్ మరిగింది, ఆగింది, చల్లారింది.
కిటికీ అంచున సీగల్ ఒకటి
మమ్మల్ని చూసి చూసి ఎగిరిపోయింది.
చివరికి మొరాగ్ చదివింది:
మీ తొందర ఖరీదు
ఎవరి ఖాతాలో రాస్తున్నారు?

ఇన్నెస్ కళ్లజోడు తుడుచుకున్నాడు.
మళ్లీ తుడుచుకున్నాడు.

తొమ్మిదో ప్రశ్న దగ్గర
"గత వారం ఎన్ని మాటలు మరిచిపోయారు?"
డూగల్ ఎడంచేత్తో ఎర్ర పెన్సిల్ అందుకుని
అడ్డంగా కొట్టేశాడు.
పక్కన బొమ్మ వేశాడు, వంకరటింకరగా.
మాంసం కొట్టు. ఒక మగ మనిషి. ఒక ఆడ మనిషి.
కొట్టువాడి నోట్లోంచి బయల్దేరిన బాణం
అతన్ని తప్పించుకుని ఆమె దగ్గరికి పోతోంది.

"మంగళవారం" అన్నాడు బాణం మీద వేలు పెట్టి.
మాకు అందలేదు.
"మంగళవారం."
యూనా గభాలున లేచి
కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.
ఇన్నేళ్లూ ఆయన ముందే, ఆయన బదులు
కిలో చాలని చెప్పింది తనే.

ఇప్పుడు తొమ్మిదో ప్రశ్న ఇది:
మీతో ఆడాల్సిన మాట
పక్కవాళ్లతో ఎన్నిసార్లు ఆడారు?
బొమ్మ కూడా ఉంది, వంకర దిద్దకుండా.
ఒప్పుకున్నట్టు డూగల్
బల్లని మూడుసార్లు గుద్దాడు,
పాట ఖాయమైనప్పటిలా.

అన్నీ సర్దుకోలేదు.
ఆయనకి రావాల్సిన డబ్బు రాలేదింకా,
ఫోన్ చేసి పేరు చెప్పమంటోంది ఆఫీసు.

మళ్లీ ఎప్పుడు కలుద్దామని అడిగాను.
"మంగళవారం" అన్నాడు.
రాయబోయి, ఆగి,
క్యాలెండర్ ఆయన ముందు పెట్టాను.
వేలు వెతుక్కుంటూ వెళ్లి
గురువారం మీద నిలిచింది.

గురువారం, అని రాసుకున్నాను.